వ్యాయామ గురువు శాండో

బిడ్డకు సంగీతము చెప్పింపదలచినవారు గురువు ఎవరియొద్ద నేర్చెనో విచారింతురు. ఎడ్లను కొనువారు పండ్లు చూచి, సుడులు చూచి, కాడికి కట్టి నడిపించి చూచినగాని బయానా చేతబెట్టరు. వ్యాజ్యమును అప్పగించుటకు ముందు వకీలు సమర్థతను గూర్చి పదిమందిని అడుగుదురు. కాని తమ దేహమునే ఒకరి చేతికి అప్పగించునపుడు మాత్రము మనవారు ఇట్టి విచారణ యేదియు చేయరు. శిక్షకుని భుజములు చూతురు. గోడమీది ఛాయాపటములు చూతురు. నెలకు ఎంతయని అడుగుదురు. అంతటితో విచారణ ముగియును.

నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములందే కాక చిన్న పట్టణములందును వ్యాయామశాలలు వెలసినవి. అచ్చట పదిమందితో కలిసి సాధన చేయుటయే కాక, తనకొక్కనికే నేర్పుటకు వేరుగా వేతనమిచ్చి శిక్షకుని కుదుర్చుకొనుటయు వాడుకలోనికి వచ్చినది. ఒకప్పుడు సంస్థానాధీశులకును జమీందారులకును మాత్రమే చెల్లిన యీ సదుపాయము నేడు ఉద్యోగికిని వర్తకునికిని అందుచున్నది. కూర్చుండి పనిచేయువారిని మధుమేహమును రక్తపుపోటును నడివయస్సునందే పట్టి పీడించుచున్న యీ కాలమున ఇది సంతోషింపదగిన మార్పే. ఐనను ఎవరిని కుదుర్చుకొనవలెను? ఏమి చూచి కుదుర్చుకొనవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము, ఈ వృత్తికి లోకమునందు గౌరవమును గిరాకిని తెచ్చిన యూజెన్ శాండో జీవితమునందే కలదని మేము తలచుచున్నాము. ఆయన మొదట మంచి గురువు దొరికిన శిష్యుడు. పిదప తానే గురువు. తుదకు తన పేరును అమ్ముకొనిన వర్తకుడు. ఈ మూడవస్థలను వేరువేరుగ పరిశీలించినవారికి నేటి బేరమునందలి మంచిచెడ్డలు సులభముగ తెలియును.

శాండో పేరు మనకు క్రొత్తది కాదు. ఆయన యెవరో యెరుగనివారు సైతము చేతులులేని బనియనును శాండో బనియనని పిలుచుచున్నారు. మన కోడి రామమూర్తిని పత్రికలు భారతదేశపు శాండో యని కీర్తించినవి. ఒక మనుష్యుని పేరు దేహబలమునకే పర్యాయపదమైనప్పుడు, ఆ పేరు వెనుకనున్న మనుష్యుని తెలిసికొనుట ఉచితము.

ఆయన 1867 వ సంవత్సరము ఏప్రిలు 2 వ తేదీన ప్రష్యా రాజ్యమునందలి కోనిగ్స్‌బర్గ్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాడ్. తలిదండ్రులు పెట్టిన పేరు ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ ముల్లర్. శాండో యనునది ఆయన రంగస్థలము కొరకు పెట్టుకొనిన పేరు. తాను బాల్యమున మిక్కిలి దుర్బలుడనైయుంటిననియు, తండ్రితో ఇటలీదేశమునకు పోయి ప్రాచీన వీరుల శిలావిగ్రహములను చూచి, అట్టి దేహములు ఈ కాలపువారికి ఏల లేవని చింతించి సాధన మొదలిడితిననియు ఆయన తరువాతి కాలమున వ్రాసికొనెను. ఈ కథ యెంతవరకు నిజమో యని చరిత్రకారులు సందేహించుచున్నారు. నిజమైనను కాకపోయినను, ఇది యొక విశేషమును తెలుపుచున్నది. దుర్బలుడు బలవంతుడయ్యెనను కథ దేహశిక్షకులందరికిని మొదటి ప్రకటన. శాండో దానిని చక్కగ వాడుకొనెను. ఆయన తరువాత వచ్చినవారందరును వాడుకొనుచునే యున్నారు. నేడు శిక్షకులు చూపు ముందటి ఛాయాపటము, తరువాతి ఛాయాపటము అను జంట ఈ కథకే చిత్రరూపము. వినువారు కథను మెచ్చుకొనవచ్చును. కాని కథను చూచి జీతమీయరాదు.

యౌవనమునందు ఆయన సైన్యమునందు నిర్బంధముగ కొలువు చేయవలసిన విధిని తప్పించుకొనుటకై 1885 ప్రాంతమున స్వదేశము విడిచి, సర్కసువారితో కలిసి మొగ్గలు వేయుచు, కుస్తీలు పట్టుచు ఐరోపాలో తిరిగెను. చేతిలో కాసు లేదు. రేపటి భోజనమునకు నిశ్చయము లేదు. ఈ దశయందు బెల్జియము రాజధాని బ్రస్సెల్సు నగరమున ఆయనకు గురువు లభించెను. ఆ గురువు పేరు లూయీ డుర్లాఖర్. లోకమాయనను ప్రొఫెసరు అట్టిలా యని యెరుగును. శాండో జీవితమునందలి ముఖ్య ఘట్టమిదియే. ఆయన తరువాత గడించిన కీర్తియంతయు ఈ కలయికనుండి మొలకెత్తినదే.

అట్టిలా 1844 లో జర్మనీదేశపు కార్ల్‌స్రూహే నగరమున పుట్టినవాడు. స్వయముగ రంగస్థలముపై బలప్రదర్శనలు చేసి పేరుపొందిన పిదప వ్యాయామశాల పెట్టి నేర్పుచుండెను. ఐరోపా రాజకుటుంబములవారికిని నేర్పినవాడని ఆయనకు ప్రసిద్ధి కలదు. దారితప్పి వచ్చిన యువకుని చూచి, ఈతని యందు కలదేమి, లేనిదేమి యని అంచనా వేయగల కన్ను ఆయనకు ఉండెను. శాండో దేహము అప్పటికే మొగ్గలవానివలె చురుకుగను పొందికగను ఉండెను. కాని గొప్ప బరువులెత్తు బలము చాలదు. అట్టిలా ఆతని చేత నానాటికి హెచ్చు బరువులను ఎత్తించుచు, ఒక చేత బరువును పట్టి దేహమును వంచి పైకెత్తు విద్యను నేర్పెను. బోలుగానున్న ఇనుపగుండ్లలో సీసపుగుళ్లు పోసి బరువును కొంచెము కొంచెముగ హెచ్చించు సాధనమును వాడుకలోనికి తెచ్చినవారిలో ఆయన యొకడు. ఈ చిన్న ఉపాయమునందు గురుత్వము యొక్క రహస్యమంతయు ఇమిడియున్నది. శిష్యుడు నిన్న ఎంత ఎత్తెనో తెలిసిన గురువే నేడు ఎంత ఎత్తవలెనో చెప్పగలడు. బలము పెరుగుటకు మార్గమదియొక్కటే యని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

ఇంకొక విషయము గమనింపదగినది. అట్టిలా శిష్యునకు కండబలమునే కాక జీవనోపాయమును కూడ చూపెను. రంగస్థలముపై ఎట్లు నిలువవలెనో, బరువును ఎత్తుటకు ముందు ప్రేక్షకుల దృష్టిని ఎట్లు పట్టవలెనో నేర్పెను. 1889 లో లండను నగరమందలి రాయల్ అక్వేరియము అను వినోదశాలలో శాంసను అను బలశాలి తనను గెలిచినవారికి 500 పౌనుల బహుమానమిత్తునని ప్రతిరాత్రియు సవాలు చేయుచుండగా, అట్టిలా తన శిష్యుని ఆ సవాలునకు నిలిపెను. నవంబరు 2 వ తేదీ రాత్రి శాండో శాంసనును ఓడించెను. మరునాటికి లండనంతయు ఆయన పేరే మారుమ్రోగెను. ఇరువది రెండేండ్ల యువకుడు ఒక్కరాత్రిలో ప్రఖ్యాతుడయ్యెను.

కీర్తి వచ్చిన వెంటనే గురుశిష్యుల నడుమ ధనము విషయమై వైమనస్యము పుట్టి, ఇరువురును విడిపోయిరి. ఇట్టి వియోగములు మన సంగీతవిద్వాంసులలోను మల్లులలోను కూడ వినుచున్నవే. శాండో సొంతముగ ప్రదర్శనములు చేయుచు ముందుకు సాగిపోయెను. అట్టిలా 1894 లో న్యూయార్కు నగరమున వ్యాయామశాల నెలకొల్పి, ధనికులకును నటులకును పేరుమోసిన ముష్టియుద్ధవీరుడు కార్బెట్టునకును నేర్పుచు 1924 వరకు జీవించెను. శిష్యుని పేరు లోకమంతయు తెలిసినది. గురువు పేరు తెలిసినది కొందరికే. కాని ఆ కొందరు ఆయనయొద్ద స్వయముగ నేర్చినవారు. గురువును వెదకువారు ప్రకటనలలో కనబడు పేరుకంటె, నేర్చినవారి నోట వినబడు పేరునకు విలువ నీయవలెననుటకు ఇదియొక నిదర్శనము.

1893 లో శాండో అమెరికాకు పోయెను. ఆ యేట చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు వచ్చిన జనులకు, ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డు అను యువ నిర్వాహకుడు ఆయనను చూపెను. ఎంత బరువు ఎత్తెననుటకంటె, ఎట్టి దేహమని జనులు విస్తుపోవునట్లు చేసినది జీగ్‌ఫెల్డు నేర్పు. హార్వర్డు విశ్వవిద్యాలయమున వ్యాయామవిద్యకు అధిపతియైన డడ్లీ సార్జెంటు అను వైద్యుడు ఆయన దేహమును కొలిచి పరీక్షించెను. 1894 లో ఎడిసను చలనచిత్రశాలవారు ఆయన కండరముల కదలికలను చిత్రించిరి. చలనచిత్రముల చరిత్రమునందే అది తొలినాళ్ల చిత్రము. ఆ యేటనే ఆయన మాంచెస్టరులో బ్లాంచి బ్రూక్సును పెండ్లాడెను. వారికి ఇరువురు కుమార్తెలు కలిగిరి.

ముప్పది యేండ్లు నిండిన 1897 లో శాండో తన జీవితమును వేరొక దారికి మరల్చెను. బలమును చూపి బ్రదుకువాడు బలమును నేర్పి బ్రదుకదలచెను. లండనులో సంపన్నులు సంచరించు సెయింట్ జేమ్స్ వీథియందు దేహశిక్షణాలయమును స్థాపించెను. ఈ శాలకు వచ్చినవారు సర్కసువారును మల్లులును కారు. వకీళ్లు, గుమాస్తాలు, వర్తకులు, సైనికోద్యోగులు; బల్లముందు కూర్చుండి వెన్ను వంగినవారు, నడుము పెరిగినవారు. పొగబట్టిన మహానగరమునందు దేహశ్రమ లేక కృశించుచున్న ఈ జనసమూహమును గుర్తించుటయే శాండో గొప్పతనము. బలము మల్లుని సొత్తుగ కాక సామాన్య గృహస్థుని హక్కుగ ఆయన చేసెను.

ఆ శాలయందలి పద్ధతిని పరికింతము. క్రొత్తగ వచ్చినవానికి వెంటనే బరువులు చేతికిచ్చెడివారు కారు. మొదట ఆతని పూర్వపు జబ్బులను, అలవాట్లను, చేయు పనిని విచారించి, మెడ, ఱొమ్ము, భుజము, నడుము, తొడలు కొలిచి పుస్తకమున వ్రాసెడివారు. ఆ కొలతలనుబట్టి ఆతనికి తగిన సాధనను నిర్ణయించి, శిక్షకుడు ప్రక్కన నిలిచి చేయించెడివాడు. కొంతకాలమునకు మరల కొలిచి, పూర్వపు కొలతతో సరిపోల్చి చూపెడివారు. వైద్యుడు రోగిని చూచి మందు వ్రాసినట్లే, వ్యాయామమును మనిషి మనిషికి వేరుగ వ్రాసి యిచ్చుట ఈ పద్ధతి. శాలలు ఇతర నగరములకును వ్యాపించినవి. నేడు ప్రతి పెద్ద వ్యాయామశాలయందును మొదటిదినమున జరుగు తూనికలు, కొలతలు, ప్రశ్నలు అన్నియు ఈ మార్గమునందలివే.

ఇచ్చట మేము పాఠకులను ఒక క్షణము ఆగుమని కోరుచున్నాము. శాండో జీవితమునందు మనకు పనికివచ్చు పాఠము ఆయన ఛాతీ కొలతలో లేదు. ఆ కొలతల పుస్తకమునందు కలదు. తన దేహమును చూపువాడు ప్రదర్శకుడు. శిష్యుని దేహమును చూచువాడు గురువు. ఈ భేదమును మరచినవారు ప్రదర్శకునికి గురుదక్షిణ యిచ్చుచున్నారు.

శాండో స్వయముగ ఈ భేదమును ఎల్లప్పుడును పాటింపలేదు. శాలకు రాలేనివారి కొరకు ఆయన గ్రంథములు వ్రాసెను. 1897 లో వెలువడిన గ్రంథమునందు వయస్సునుబట్టి, స్త్రీపురుష భేదమునుబట్టి ఏ సాధన ఎన్నిమారులు చేయవలెనో పట్టికలు వేసి యిచ్చెను. 1898 లో పత్రికను ప్రారంభించెను. టపాలో తమ కొలతలను, ఆరోగ్యస్థితిని వ్రాసి రుసుము పంపినవారికి టపాలోనే సాధనక్రమమును పంపెడి యేర్పాటు చేసెను. రెండు సగములుగా చీలి నడుమ స్ప్రింగులున్న డంబెల్సును, రబ్బరు తాళ్ల యంత్రములను అమ్మెను. దూరగ్రామమునందున్నవానికి ఏ గురువును లభింపనప్పుడు ఇట్టి యేర్పాటు కొంత మేలే. కాని టపాలో వచ్చు గురువు శిష్యుని వెన్ను వంగుటను చూడలేడు. ఊపిరి బిగబట్టుటను వినలేడు. నేడు చేతిలోని ఫోనునుండి పాఠము చెప్పు శిక్షకులకును ఈ లోపము కొంత తప్పదు.

మరియొక విమర్శ ఆ కాలమునందే పుట్టినది. అట్టిలా శాండోకు నేర్పినది గొప్ప బరువులతో; శాండో జనులకు అమ్మినది తేలిక డంబెల్సు. తేలిక బరువులతో మనస్సును కండరముపై నిలిపి సాధన చేసిన తనంతవారు కావచ్చునను భావమును ఆయన ప్రకటనలు కలిగించినవి. సామాన్య గృహస్థునికి తేలిక సాధనవలన ఆరోగ్యము కలుగుననుట నిజము. ఆ సాధనవలన శాండో అగుదుమనుట నిజము కాదు. ఈ రెంటిని కలిపి చెప్పుటయందు ప్రకటనకర్త లాభపడెను. కొనినవాడు కొంత భ్రమపడెను. శిక్షకుడు తన దేహమును చూపి సాధనను అమ్మునప్పుడు, ఈ దేహము ఈ సాధనవలననే వచ్చినదా యని అడుగుటకు మనము సంకోచింపరాదు. ఈ కాలమున ఆ ప్రశ్న మరింత అవసరము. కండలు పెంచు హార్మోను మందులను వైద్యుని సలహా లేక వాడి గుండెను, కాలేయమును చెరుపుకొనుచున్న యువకులు కలరు. అట్టి దేహమును చూచి మోసపోయి అట్టి మందునే కోరుట మహాప్రమాదము.

1901 సెప్టెంబరు 14 వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్టు హాలునందు శాండో జరిపించిన దేహసౌష్ఠవ పోటీ లోకప్రసిద్ధము. న్యాయనిర్ణేతలుగ శాండోతో పాటు శిల్పి సర్ చార్లెస్ లాస్, షెర్లాక్ హోమ్స్ కథలను వ్రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ కూర్చుండిరి. హాలు నిండి పలువురు జనులు టిక్కెట్లు దొరకక వెనుదిరిగిరి. బంగారు ప్రతిమ నాటింగ్‌హాముకు చెందిన విలియము మర్రే యనువానికి దక్కెను. కండలు మిక్కిలి పెద్దవిగానున్నవానికి బహుమానమని పోటీ నియమములయందు లేదు. అవయవములన్నియు సమముగ పెరుగుట, కండరముల బిగి, చర్మపు కాంతి, సామాన్యారోగ్యము, వీటినన్నిటిని కలిపి చూచిరి. ఆ యేటనే లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియమువారు ఆయన దేహమునకు అచ్చు తీయించిరి. 1907 లో ఆయన వెలువరించిన గ్రంథమునకు కోనన్ డాయిల్ పీఠిక వ్రాసెను.

ఈ ప్రఖ్యాతితో ఆయన ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములను చుట్టి, పిదప దక్షిణాఫ్రికా మీదుగ 1904-05 లో మనదేశమునకు వచ్చెను. కలకత్తా, బొంబాయి మొదలగు నగరములలో ఆయనను చూచుటకు జనులు తండోపతండములుగ వచ్చిరి. ఆయన వచ్చి మనవారికి వ్యాయామమును నేర్పెనని కొందరు వ్రాసినది సరికాదు. మన ఊళ్లలో తాలీంఖానాలును గరిడీలును అంతకుముందే కలవు. దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ నేర్పు వస్తాదు ప్రతి పెద్ద ఊరిలోను ఉండెను. వస్తాదనిన ఉస్తాదే, గురువని అర్థము. కుఱ్ఱవానిని మట్టిలోనికి దింపుటకు ముందే వస్తాదు వాని నడకను, మెడను, ఊపిరిని చూచి, వీడు ఏ విద్యకు తగునో తేల్చెడివాడు. ఆ దినములయందే వంగదేశమున సరళాదేవి తన యింట యువకులకు కత్తిసాము, కర్రసాము నేర్పింపదలచి, ముర్తాజా యను వస్తాదును వెదకి కుదుర్చుకొనెను. విద్య తెలిసినవాని మతమును ఆమె అడుగలేదు, విద్యను అడిగెను. శాండోను చూడ వచ్చిన జనులు బలమునకు విలువ యెరిగినవారే యగుటవలన ఆయనకంత ఆదరము లభించినది.

మనదేశమునందు ఆయనకు లభించిన శిష్యులలో ముఖ్యుడు బొంబాయి పారసీక వర్తకుడు ధన్‌జీభాయి బొమన్‌జీ. శాండో పద్ధతిని అవలంబించి ఈయన ఆరోగ్యము మెరుగుపడెను. కృతజ్ఞతతో ఆయన ఇచ్చిన భూరివిరాళము వలననే 1906 లో శాండో లండనులోని హాలెండ్ పార్కు వీథిలో నాలుగంతస్తుల యింటి కౌలును కొనగలిగెను. ఆ యింటికి ధన్‌జీభాయి గృహమని పేరు పెట్టి, మరణపర్యంతము అందే నివసించెను. లోకమంతయు కొనియాడిన బలశాలి తలదాచుకొనిన యిల్లు ఒక భారతీయ శిష్యుని గురుదక్షిణ. టిక్కెట్టు కొని చూచిపోయిన లక్షలమందిలో ఎవరును ఇట్టి దక్షిణ నీయలేదు. మేలు పొందినవాడు ఇచ్చెను. శిక్షకుని సంపాదన శిష్యుని ఆరోగ్యమునుండి రావలెను. ఆయన జీవితమునందే దానికి ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఆయన వచ్చిపోయిన పిదప మనదేశమున ఆ మార్గము మనదైన రూపమును దాల్చినది. శ్రీకాకుళ ప్రాంతపు వీరఘట్టమునందు పుట్టిన కోడి రామమూర్తి విజయనగరమునందు వ్యాయామోపాధ్యాయుడుగ పనిచేసి, పిదప సర్కసు స్థాపించి, ఇనుపగొలుసులను త్రెంచియు, ఱొమ్ముపై ఏనుగును నిలిపియు కలియుగ భీముడని పేరొందెను. ప్రదర్శకుడగుటకు ముందు ఆయన బడిపిల్లలకు నేర్పిన గురువని మనము మరువరాదు. బెంగుళూరునందు కె. వి. అయ్యరు వ్యాయామశాల స్థాపించి, మన ఆసనములను పాశ్చాత్య సాధనలతో మేళవించి, మైసూరు మహారాజునకును నేర్పెను.

1911 లో ఇంగ్లండు రాజు అయిదవ జార్జి శాండోను తన దేహశిక్షణాచార్యునిగ నియమించెను. సర్కసు గుడారమున మొగ్గలు వేసిన యువకునికి ఇది పరమావధి. ఆ బిరుదము ఆయన ప్రకటనలన్నిటిపైన వెలిగినది. కాని రాజు కుదుర్చుకొనిన శిక్షకుడని విని మనము కుదుర్చుకొనిన ప్రయోజనమేమి? రాజు దేహము వేరు, మన దేహము వేరు. నేడు సినిమా తారలకు నేర్పెనని చెప్పుకొనువాని మాటయు ఇట్టిదే. తారకు దినమునకు నాలుగు గంటల తీరిక కలదు, వంటవాడు కలడు, సినిమా పూర్తియగువరకే ఆ దేహముతో పని. గృహస్థునికి ఆ దేహముతో జీవితాంతము పని కలదు.

బిరుదము వచ్చిన కాలమునకే శాండో దృష్టి శాలనుండి అంగడికి మరలినది. ఆయన పేరుతో కోకోపొడి వచ్చెను. స్త్రీలు నడుమునకు బిగించుకొను కార్సెట్టు వచ్చెను. ఆరోగ్యమును సాధనతో సంపాదింపవలెనని చెప్పిన నోటనే ఆరోగ్యమును డబ్బాలో కొనవచ్చునని చెప్పవలసి వచ్చినది. ఇంతలో 1914 లో మహాయుద్ధము వచ్చినది. ఆయన 1906 లోనే బ్రిటిషు పౌరుడైనను, పుట్టుకచేత జర్మనుడగుటవలన జనులు అనుమానముతో చూచిరి. కోకో కంపెనీ 1916 లో కూలిపోయినది. 1919 లో ఆయన మరియొక పెద్ద గ్రంథమును ప్రకటించి దేహశ్రమయే జీవమని మరల చాటెను గాని, పూర్వపు వైభవము తిరిగిరాలేదు.

1925 అక్టోబరు 14 వ తేదీన ఆయన తన యింట మరణించెను. వయస్సు 58 సంవత్సరములు. గోతిలో దిగబడిన మోటారును ఒంటరిగ ఎత్తబోయి మెదడునందు రక్తనాళము చిట్లి చనిపోయెనను కథ వ్యాపించినది. దానికి గట్టి ఆధారము లేదు. లండనులోని పుట్నీ వేల్ శ్మశానమునందు, భార్య కోరిక ప్రకారము, పేరైనను చెక్కింపకయే పాతిపెట్టిరి. తన చిత్రమును వాడవాడల అంటించిన మనుష్యుని సమాధిపై 2002 వరకు ఒక్క అక్షరమైనను లేకుండెను. 2008 లో ఆయన మునిమనుమడు శిలను నిలిపెను. దేహసౌష్ఠవ పోటీలలో మిక్కిలి ప్రసిద్ధమైన మిస్టర్ ఒలింపియా విజేతకు ఇచ్చు కంచు ప్రతిమ శాండోదే.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది స్పష్టము. శిక్షకుని కుదుర్చుకొనదలచినవారు ముందుగ వైద్యునియొద్ద తమ గుండె, రక్తపుపోటు, చక్కెర, కీళ్లు చూపించుకొనవలెను. శిక్షకుడు ఎవరియొద్ద నేర్చెనో, ఎన్నియేండ్లు నేర్పెనో, తమ వయస్సువారికి నేర్పిన అనుభవము కలదో లేదో అడుగవలెను. ఆతనియొద్ద ఏడాదికి పైబడి నేర్చిన ఇద్దరు ముగ్గురిని కలిసి, వారికి గాయములైనవా, వారి నిద్రయు నడకయు బాగుపడినవా యని విచారింపవలెను. తారలను గూర్చి వారిని అడుగనక్కరలేదు. మూడు నెలల జీతము ముందుగ చెల్లింపక, వారమో పదిదినములో చూచి, పిదప మాట ఖాయము చేసికొనవలెను. జీతమెంత, వారమునకు ఎన్ని దినములు, రానిదినమునకు లెక్కయేమి యని మొదటనే తేల్చుకొనుట ఉభయులకును మర్యాద.

అన్నిటికంటె ముఖ్యము, మొదటిదినమున ఆతడేమి చేయునో చూడవలెను. మన మోకాలి నొప్పిని గూర్చి అడిగి, వంగుమని, కూర్చుండుమని, నడువుమని చెప్పి, చూచినదానిని వ్రాసికొనువాడు అట్టిలా మార్గమున పోవువాడు. ఏమియు అడుగక తన భుజమును చూపి, పొడిడబ్బాను ముందుపెట్టువాడు కోకో అమ్మిన శాండో మార్గమున పోవువాడు. మొదటివానికి పదిరూపాయలు హెచ్చిచ్చినను నష్టము లేదు. రెండవవాడు ఉచితముగ వచ్చినను నష్టమే.

మంచి గురువునకు కడపటి గుర్తు ఒకటి కలదు. శిష్యుడు తనంతట తానే సాధన చేసికొనగల దినము రావలెనని అట్టివాడు కోరును. ఆ దినమును త్వరపెట్టును. శిష్యుని ఎల్లకాలము తన చేతిక్రిందనే యుంచదలచువాడు అంగడి నడుపుచున్నాడు గాని విద్య చెప్పుటలేదు. మన పిల్లల కొరకు ఈ యేడు వ్యాయామ గురువును వెదకు తలిదండ్రులు ఈ గుర్తును జ్ఞప్తియందుంచుకొందురు గాక.